62 ఆధారాలు చదివి 48 పేజీలు రాస్తే గైడ్ గారు "ఇందులో నువ్వెక్కడ?" అంటున్నారు

గోదారిగట్టు_పిల్ల
చరిత్రలో పీహెచ్‌డీ, రెండో ఏడాది నడుస్తోంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక గోదావరి డెల్టా వ్యవసాయంలో వచ్చిన మార్పులు నా విషయం. ఆర్నెల్లు కూర్చుని ఆ ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ రిపోర్టుల దగ్గర నుంచి మొన్నటి జర్నల్ వ్యాసాల దాకా 62 చదివాను. ఒక్కోదానికి ఒక పేరా చొప్పున 48 పేజీల సమీక్షాధ్యాయం రాసి గైడ్ గారి చేతిలో పెట్టాను. రెండు రోజుల తర్వాత పిలిచి, మొదటి పేజీ మీద పెన్సిల్‌తో రాసిన ఒకే ఒక్క ముక్క చూపించారు. "ఇందులో నువ్వెక్కడ?"

అంతే, అదేమిటో వివరించలేదు. ఇతరులు ఏమన్నారో చెప్పే అధ్యాయంలో నేనెందుకుంటాను? పైగా "నీ ప్రతిపాదన ఏదీ" అని అడిగారు. "కాటన్ ఆనకట్ట వల్ల గోదావరి డెల్టా సస్యశ్యామలమైంది" అన్నాను. నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. చదివినవన్నీ కలిపి సింథసిస్ చెయ్యాలంటారు కదా, ఆ సింథసిస్ అంటే అసలు ఏం చెయ్యాలో మనుషుల భాషలో ఎవరైనా చెప్పండి.

టిఫిన్_బ్రేక్
రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది. నా సినాప్సిస్ మూడుసార్లు వెనక్కొచ్చింది. నేనూ ఇక్కడే కూర్చుంటా.

చెదపురుగు
ఆ 48 పేజీల్లోంచి ఒక పేరా ఇక్కడ పెట్టమ్మా. నాడి చూడకుండా మందెలా చెబుతాం.

గోదారిగట్టు_పిల్ల
ఇదిగో.

"హెన్రీ మోరిస్ 1878లో గోదావరి జిల్లా గురించి గ్రంథం రాశారు. అందులో ఆనకట్ట గురించి వివరించారు. జి.టి. వాల్ష్ 1896లో గోదావరి డెల్టా ఇంజనీరింగ్ పనుల గురించి వివరించారు. ఎఫ్.ఆర్. హెమింగ్వే 1907లో జిల్లా గెజెటీర్ కూర్చారు. ఆయన కూడా నీటిపారుదల గురించి వివరించారు."

టిఫిన్_బ్రేక్
ఇది అటెండెన్స్ రిజిస్టర్. మోరిస్? ప్రెజెంట్ సార్. వాల్ష్? ప్రెజెంట్ సార్. హెమింగ్వే? ప్రాక్సీ సార్.

గోదారిగట్టు_పిల్ల
నవ్వండి, మీరూ నవ్వండి.

ల్యాబ్_కోటు
నేను కెమిస్ట్రీ మనిషిని, మీ కాలువల సంగతి నాకు తెలియదు. కానీ సింథసిస్ మా మాటే కాబట్టి చెబుతున్నా. హైస్కూల్లో ఇనుప రజను, గంధకం ప్రయోగం గుర్తుందా? రెండూ ఊరికే కలిపితే మిశ్రమం. అయస్కాంతం పెడితే ఇనుము దానంతటదే వేరుగా వచ్చేస్తుంది. వేడి చేస్తే ఐరన్ సల్ఫైడ్ అవుతుంది, అది సమ్మేళనం. ఇక అయస్కాంతానికి ఏదీ అంటదు.

మీ పేరాలో వాల్ష్‌ని తీసి మోరిస్ ముందు పెట్టండి. ఏమన్నా చెడిందా? చెడలేదు. అంటే అది మిశ్రమం. ఇంకా వేడి తగల్లేదు.

గోదారిగట్టు_పిల్ల
నిజంగానే ఏమీ చెడలేదు. 48 పేజీలూ పేకముక్కల్లా కలిపేసినా తేడా తెలియదు. భయమేస్తోంది.

చెదపురుగు
కోటు గారి పోలిక బాగుంది, కానీ చరిత్రకు పూర్తిగా అతకదు. మీ సమ్మేళనంలో ఇనుము మాయమైపోతుంది. మా దగ్గర మాయం కాకూడదు. ప్రతి వాక్యం కిందా ఇది ఎవరి దగ్గర నుంచి వచ్చింది, వాళ్ళకెలా తెలిసింది అని అడిగితే వేలు పెట్టి చూపించగలగాలి. అది చూపించలేకపోతే అది సింథసిస్ కాదు, పుకారు.

ల్యాబ్_కోటు
సరే, ఒప్పుకున్నా. పోలికలన్నీ సగం దూరమే వస్తాయి.

కోరంగి_కోరంగి
పుకారు అంటే గుర్తొచ్చింది. నా అనుభవం చెబుతాను, కొంచెం పొడుగు.

నాది కోస్తా రేవుల చరిత్ర. 1839 నవంబరు కోరంగి తుఫాను గురించి "3 లక్షల మంది మరణించారు, 20 వేల నావలు మునిగాయి" అని రాసి కింద పన్నెండు ఆధారాలు ఇచ్చాను. పన్నెండు! గర్వంగా ఉండేది. వైవాలో, అదే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి నెమ్మదిగా అడిగాడు. "ఆ రోజుల్లో మొత్తం రాజమండ్రి జిల్లా జనాభా ఎంతండీ?" జిల్లా మొత్తం కలిపినా పది లక్షలు లేదు. ఒక్క రేవులో 3 లక్షలు ఎలా పోతారు? 20 వేల నావలు ఆ మొగలో పడతాయా?

ఇంటికొచ్చి ఆ పన్నెండూ వెనక్కి తవ్వాను. ఇది దాన్ని చూసి రాసింది, అది ఇంకోదాన్ని చూసి రాసింది. నేను చూసిన వాటిలో ఒక్కటీ ఆ రోజుల నాటి లెక్క చూపలేదు. 20 వేలు అన్న అంకె 1789 కోరంగి తుఫానులో చనిపోయిన మనుషుల సంఖ్యగా కూడా కనిపిస్తుంది. రెండు తుఫానులూ ఎక్కడో కలిసిపోయాయా అని నా అనుమానం, రుజువు లేదు. మొత్తానికి నా దగ్గర ఉన్నవి పన్నెండు ఆధారాలు కావు. ఒకే ఆధారానికి పన్నెండు నకళ్ళు.

కాబట్టి పిల్లగారూ, మోరిస్, వాల్ష్, హెమింగ్వే ముగ్గురూ ఒకే మాట అన్నారని సంతోషపడే ముందు ఎవరు ఎవర్ని చూసి రాశారో చూసుకోండి. గెజెటీర్ అంటే సర్కారు కూర్పించే జిల్లా వివరాల గ్రంథం. మోరిస్‌ది లాంటి పాత జిల్లా గ్రంథాన్ని ముందు పెట్టుకోకుండా దాన్ని ఎవరూ కూర్చరు.

టిఫిన్_బ్రేక్
హెమింగ్వే ప్రాక్సీ అని నేను ఊరికే అన్నా, నిజమైంది.

తెలుగుశాఖ_మెట్లమీద
మా తెలుగు శాఖలో ఈ జబ్బుకు ఒక పేరుంది: "కవి కాలాదులు". వేమన మీద ఏ సిద్ధాంత గ్రంథం తెరిచినా మొదటి అధ్యాయం అదే. ఒకరు 15వ శతాబ్దమన్నారు, ఒకరు 16 అన్నారు, ఒకరు 17, ఇంకొకరు 18. ఇరవై పేజీలు. చివర్లో ఒక వాక్యం: "ఏది ఏమైనప్పటికీ వేమన గొప్ప ప్రజాకవి." ఏది ఏమైనప్పటికీ అనేస్తే ఇక ఇరవై పేజీలు ఎందుకు? ఆ మాటతో మొదలయ్యే వాక్యం ఎక్కడుందో వెతకండి, పరిశోధకుడు చేతులెత్తేసిన చోటు సరిగ్గా అదే.

గోదారిగట్టు_పిల్ల
నా ఫైలులో ఇప్పుడే వెతికాను. ఏడుసార్లు ఉంది.

రిటైర్డ్_హిస్టరీ_మాస్టారు
అమ్మాయీ, మీ గైడ్ గారు మంచి ప్రశ్నే అడిగారు, కానీ సగమే అడిగారు. మిగతా సగం నేను చెబుతాను.

మనవాళ్ళకి ఇది కొత్త విద్య కాదు. శాస్త్రగ్రంథాల్లో ముందు పూర్వపక్షం పెడతారు. అవతలివాడి వాదన వాడే సంతోషపడేంత బలంగా చెప్పాలి. ఆ తర్వాత దానికి ఎక్కడ కుదరదో చూపించి తన సిద్ధాంతం చెబుతారు. 'సిద్ధాంత గ్రంథం' అని మనం రోజూ వాడే మాటలో సిద్ధాంతం అదే. పూర్వపక్షం అంటే వచ్చినవాళ్ళందరి జాబితా కాదు, మీ సిద్ధాంతానికి అడ్డొచ్చే పక్షం. మీ 48 పేజీల్లో పక్షాలే లేవు, అందరూ అతిథులే.

మెదక్ సీమకు చెందిన కోలాచలం మల్లినాథసూరి సంస్కృత కావ్యాల మీద తన వ్యాఖ్యానాలకు ముందు ఒక ఒట్టు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. మనకి మొదటి సగం అందరికీ గుర్తుంటుంది. రెండో సగం ఎవరూ పట్టించుకోరు. 62లో ఎన్ని మీకు నిజంగా కావాలి?

గోదారిగట్టు_పిల్ల
కానీ మాస్టారూ, చదివినవి వదిలేస్తే "ఇది చూడలేదా" అని వైవాలో పట్టుకుంటారేమో అని టెన్షన్.

రిటైర్డ్_హిస్టరీ_మాస్టారు
చూశానండీ, నా ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు కాబట్టి వదిలేశాను అనండి. ఆ జవాబు చెప్పగలిగే మనిషిని ఎవరూ ఫెయిల్ చెయ్యరు. నేను ముప్ఫై మంది దాకా వైవాలు చేశాను.

పట్టిక_ప్రియుడు
ప్రాక్టికల్‌గా ఒకటి చెప్పనా. ఒక పెద్ద కాగితం తీసుకుని పట్టిక గియ్యండి. అడ్డంగా పేర్లు కాదు, ప్రశ్నలు రాయాలి. ఆనకట్ట లాభం ఎవరికి చేరింది? ఎప్పుడు చేరింది? ఎంత నీరు కాలువ చివరి ఊళ్ళకి వెళ్ళింది? కూలి రేట్లు ఏమయ్యాయి? నిలువుగా ఆధారాలు. ఒక్కో గడిలో ఒక్క ముక్క. ఖాళీ గడి ఉంటే ఖాళీగానే వదిలెయ్యండి, నింపడానికి కల్పించకండి. నాకు ఎప్పుడూ ఖాళీ గడులే పని చూపించాయి. రాసేటప్పుడు ఒక్కో ఆధారం ఒక పేరా అవ్వదు, ఒక్కో ప్రశ్న ఒక పేరా అవుతుంది. అప్పుడు ఒకే పేరాలో వాల్ష్, మోరిస్ తప్పనిసరిగా ఎదురుపడతారు.

చెదపురుగు
దానికి ఇంకొక గడి కలుపు: "ఎందుకు రాశాడు". కాటన్ 1844లో రాసిన రిపోర్టు ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వాన్ని డబ్బు అడగడానికి రాసినది. జిల్లా ఎంత ఎండిపోయిందో చూపిస్తేనే డబ్బు వస్తుంది. వాల్ష్ ఇంజనీరు, కట్టిన పని నిలబడిందని చెప్పాలి. గెజెటీర్ రాసేవాడు సర్కారు మనిషి, ముందరి అధికారుల మీద పెద్ద చెడ్డ మాట అనడు. వీళ్ళు అబద్ధాలు చెప్పారని కాదు. ఎవరు ఎటు తిరిగి నిలబడి చూశారో తెలిస్తే ఎందుకు విభేదించారో తెలుస్తుంది. ఎందుకు విభేదించారో చెప్పడమే నీ పని. "ఇందులో నువ్వెక్కడ" అంటే అక్కడ.

ల్యాబ్_కోటు
మా వైపు ఇంత తల నొప్పి లేదు. పది పేపర్లు, ఒక టేబుల్, "ఇంకా పరిశోధన అవసరం", అయిపోయింది.

పట్టిక_ప్రియుడు
అందుకే మీ రివ్యూలు ఎవరూ చదవరు 🙂

ల్యాబ్_కోటు
చదవరు, తమ పేపర్లలో ఆధారంగా సైట్ చేస్తారు. అదే కావలసింది.

గోదారిగట్టు_పిల్ల
రెండు రోజులు పట్టిక మీద కూర్చున్నాను. ప్రతిపాదన మళ్ళీ రాశాను, చూడండి: "ఆనకట్ట వల్ల డెల్టా వ్యవసాయంలో అనేక సామాజిక, ఆర్థిక మార్పులు వచ్చాయి."

టిఫిన్_బ్రేక్
రాజమండ్రి బ్రిడ్జి మీద నిలబడి ఆ వాక్యం గట్టిగా చదవండి. ఎవరైనా బండి ఆపి "ఏం మాట్లాడుతున్నారండీ" అని గొడవకొస్తారా? రారు. దండం పెట్టి వెళ్ళిపోతారు.

కోరంగి_కోరంగి
అక్కడ గొడవకి రారు సరే, ఆ కాటన్ మీద ఏమన్నా అంటే మాత్రం వస్తారు. స్నాన సంకల్పంలో ఆయన పేరు చెప్పే పండితులున్న ఊళ్ళు మావి.

చెదపురుగు
టిఫిన్ గారు సరిగ్గా చెప్పారు. "అనేక", "సామాజిక ఆర్థిక" అనే మాటలు కొట్టేసి చూడు, వాక్యంలో ఏం మిగిలింది? మార్పులు వచ్చాయి. అది ఎక్కడైనా వస్తుంది. పట్టికలో ఒకరితో ఒకరికి పడని చోటు ఏదైనా దొరికిందా?

గోదారిగట్టు_పిల్ల
ఒకటి దొరికింది కానీ చిన్నది. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని అందరూ రాస్తారు, ఆ వెంటనే "డెల్టా పండింది" అంటారు. వాల్ష్‌ని జాగ్రత్తగా చదివితే కాలువలు, పిల్ల కాలువలు తవ్వడం ఆ తర్వాత దశాబ్దాలపాటు సాగింది. అంటే 1852 అనేది నీళ్ళు ఆగిన తేదీ, పొలానికి చేరిన తేదీ కాదు.

చెదపురుగు
చిన్నదా! అది బంగారం.

పట్టిక_ప్రియుడు
+1. "ఎప్పుడు చేరింది" అనే గడి పనికొచ్చిందా లేదా.

ముత్తాత_రంగూన్_వెళ్ళాడు
నేను చరిత్ర చదువుకోలేదు, అమెరికాలో సాఫ్ట్‌వేర్. ఊరికే చదువుతున్నాను ఈ చర్చ. ఒక సందేహం. మా ముత్తాత కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో మూటలు మోశాడని మా నానమ్మ చెప్పేది. డెల్టా అంత పచ్చగా ఉంటే ఆయన ఎందుకు వెళ్ళాడు?

చెదపురుగు
...

రిటైర్డ్_హిస్టరీ_మాస్టారు
బాబూ, మీరు సాఫ్ట్‌వేర్‌లో ఎందుకున్నారు?

కోరంగి_కోరంగి
బర్మాలో తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవాళ్ళు, మా రేవు పేరు మీదే. నా హ్యాండిల్‌లో రెండో కోరంగి అదే, ఎవరూ అడగలేదు కాబట్టి చెబుతున్నా. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి వెళ్ళారు. ఆ వలసల మీద సాహిత్యం చాలానే ఉంది.

గోదారిగట్టు_పిల్ల
నా దగ్గర ఉంది. బర్మా వలసల మీద ఎనిమిది వ్యాసాలున్నాయి. ఆనకట్టకి సంబంధం లేదని వేరే ఫోల్డర్‌లో పడేశాను. ఫోల్డర్ పేరు "తర్వాత చూద్దాం".

తెలుగుశాఖ_మెట్లమీద
ప్రతి మంచి థీసిస్సూ ఆ ఫోల్డర్‌లోనే ఉంటుందమ్మా.

చెదపురుగు
ఇప్పుడు కూర్చో. ఒక గుంపు ఆధారాలు "డెల్టా సుభిక్షం" అంటున్నాయి. ఇంకో గుంపు "అదే తీరం నుంచి మనుషులు స్టీమర్ల కొద్దీ వెళ్ళిపోయారు" అంటున్నాయి. రెండూ ఒకరినొకరు చదవలేదు. ఒకరు నీటి చరిత్ర, ఒకరు కూలీల చరిత్ర. నువ్వు రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టు. రెండూ నిజమయ్యే మార్గం ఏమిటి? కోటు గారు చెప్పిన వేడి ఇదే.

కానీ జాగ్రత్త. విశాఖ వైపు నుంచి వెళ్ళినవాళ్ళని తెచ్చి డెల్టా ఖాతాలో వెయ్యకూడదు. గోదావరి జిల్లాలోనూ కాలువ నీరు పారిన తాలూకాలు వేరు, మెట్ట తాలూకాలు వేరు. ఎవరు ఎక్కడి నుంచి వెళ్ళారో విడదీయకుండా మాట అనేస్తే వైవాలో కోరంగి గారికి జరిగిందే జరుగుతుంది.

కోరంగి_కోరంగి
నా పేరు ఉదాహరణగా స్థిరపడిపోయింది, సంతోషం.

టిఫిన్_బ్రేక్
అడగడం మర్చిపోయా, ఇలాంటివి ఏఐ యాప్‌కి ఇస్తే కలిపిపెట్టదా? 62 ఫైళ్ళు పడేసి "సింథసైజ్" అంటే సరిపోదా?

పట్టిక_ప్రియుడు
నేను చేశాను. చాలా నున్నగా రాసిపెట్టింది. మూడు ఆధారాలు ఎక్కడ వెతికినా దొరకలేదు, ఎందుకంటే అవి ప్రపంచంలో లేవు. పైగా విభేదించిన ఇద్దరిని "ఇద్దరూ ముఖ్యమైన కోణాలు చూపారు" అని రాజీ చేసేసింది. గొడవే మనకి కావలసింది, అది పంచాయితీ పెద్దలా సర్దేసింది.

తెలుగుశాఖ_మెట్లమీద
"ఏది ఏమైనప్పటికీ"కి మెషీన్ వెర్షన్.

గోదారిగట్టు_పిల్ల
ఇంకో భయం కూడా ఉంది. ఇతరుల వాక్యాలు ఎక్కువైతే, మన రాత ఇతరుల రాతలతో ఎంత కలిసిందో చూపే సిమిలారిటీ శాతం పెరిగిపోదా? మా సీనియర్ ఒకరు ప్రతి వాక్యంలో మాటలు అటూ ఇటూ మార్చి రాస్తున్నారు.

పట్టిక_ప్రియుడు
2018 యూజీసీ నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేదు. ఆ పైన 40 దాకా ఒక మెట్టు, 60 దాకా ఇంకో మెట్టు, అది దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆధారం చూపి కోట్ చేసినది, ఉపయుక్త గ్రంథాల పట్టిక లెక్కలోకి రావు. వరసగా 14 మాటల దాకా మామూలుగా కలిసే పోలికనూ లెక్కపెట్టరు. కానీ మాటలు అటూ ఇటూ మార్చడం అంటే దొంగిలించిన చొక్కాకి బొత్తాలు మార్చినట్టు. మోరిస్ పేజీ మూసేసి, చూడకుండా మీ మాటల్లో చెప్పండి. చెప్పలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్ళీ చదవండి.

రిటైర్డ్_హిస్టరీ_మాస్టారు
ఒక చిన్న అభ్యంతరం. పట్టిక, పట్టిక అంటున్నారు. మా రోజుల్లో కార్డులు రాసేవాళ్ళం, చెప్పుల డబ్బాల్లో పెట్టుకునేవాళ్ళం. పట్టిక గీసినప్పుడు ప్రశ్నలు ముందే పెట్టుకోవాలి. కొన్ని ప్రశ్నలు చదువుతుంటేనే పుడతాయి. మన రంగూన్ ముత్తాత గారి ప్రశ్న ఏ పట్టికలో ఉంది?

పట్టిక_ప్రియుడు
నిజమే మాస్టారూ. పట్టిక గోడ కాదు, మళ్ళీ గియ్యొచ్చు. నేను నాలుగుసార్లు గీశాను, ప్రతిసారీ భార్య వెనక నుంచి చూసి "ఇంకా అదేనా" అనేది.

గోదారిగట్టు_పిల్ల
మూడు వారాలు కనిపించనందుకు క్షమించండి. "తర్వాత చూద్దాం" ఫోల్డర్‌లో ఉన్నాను. మొదటి పేరా కొత్తగా రాశాను, ఇక్కడ పెడుతున్నాను.

"గోదావరి డెల్టా గురించి రాసినవాళ్ళలో ఇంజనీర్లు, జిల్లా అధికారులు 1852 తర్వాత వచ్చిన సుభిక్షాన్ని చూశారు. బర్మా వలసల చరిత్రకారులు అదే తీరం నుంచి కూలీలు వెళ్ళిపోవడాన్ని చూశారు. వాల్ష్ కాలువ పొడవు కొలిచాడు, పంటకోతకి ఎవరు వచ్చారో కొలవవలసిన అవసరం ఆయనకి లేదు. ఓడ ఎక్కినవాళ్ళని లెక్కపెట్టినవాళ్ళు వాళ్ళ ఊరికి కాలువ ఎప్పుడు వచ్చిందో అడగలేదు. ఈ రెంటినీ తాలూకా వారీగా కలిపి చూస్తే, ఆనకట్ట నీరు భూమి ఉన్నవాళ్ళని ఊళ్ళో నిలబెట్టింది గానీ, వరి నాట్లకీ కోతలకీ మధ్య నెలల్లో కూలీకి పని చూపించలేదని ఈ పరిశోధన ప్రతిపాదిస్తుంది."

48 పేజీలు 19 అయ్యాయి. మోరిస్, వాల్ష్ ఇప్పుడు ఒకే పేరాలో ఉన్నారు. 62లో 27 మిగిలాయి.

చెదపురుగు
"అడగలేదు" దగ్గర నువ్వు కనిపించావు.

ల్యాబ్_కోటు
వాల్ష్‌ని తీసి వేరే చోట పెట్టి చూశా. వాక్యం కూలిపోయింది. సమ్మేళనమే.

కోరంగి_కోరంగి
నేను ఒప్పుకోను. ప్రతిపాదన బాగుంది, కానీ పని లేక వెళ్ళారా, రంగూన్‌లో కూలి ఎక్కువని వెళ్ళారా? రెండోదైతే మీ నెలల లెక్క కూలిపోతుంది. దాన్ని పూర్వపక్షంగా ముందే పెట్టుకోండి, మాస్టారు చెప్పినట్టు.

గోదారిగట్టు_పిల్ల
అది నాకు తట్టలేదు. రాసుకున్నాను. రెండు వైపులా కూలి రేట్లు ఒకే దశాబ్దానివి దొరకాలి.

ముత్తాత_రంగూన్_వెళ్ళాడు
నానమ్మని అడిగాను, వీడియో కాల్‌లో. "అన్నదమ్ములు నలుగురు, భూమి అరెకరం, ఇంకేం చేస్తాడు" అంది. ఇది ఆధారమేనా?

చెదపురుగు
ఆధారమే. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఆమెకి ఎవరు చెప్పారు అని రాసుకుని వాడాలి. అరెకరం మెట్టా, మాగాణా అడగండి, దాని మీద చాలా ఉంది.

టిఫిన్_బ్రేక్
గైడ్ గారు ఏమన్నారో చెప్పలేదు?

గోదారిగట్టు_పిల్ల
ఈసారి పెన్సిల్‌తో రెండు ముక్కలు: "ఏ తాలూకా?" అంటే నేను ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌కి వెళ్ళి జమాబందీ రిపోర్టులు, అంటే ఏటా తేల్చిన భూమిశిస్తు లెక్కలు, చూడాలి. ఎవరైనా ఈ మధ్య వెళ్ళారా? చదువుకోడానికి అనుమతి చిట్టీకి ఎన్ని రోజులు పడుతోంది?

చెదపురుగు
యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రెండు కాపీలు పెట్టుకో. పెన్సిళ్ళు నాలుగు, పెన్ను వద్దు. మొదటి రోజు ఇండెక్స్ చూడటానికే పోతుంది, నిరుత్సాహపడకు.

టిఫిన్_బ్రేక్
అక్కడికెళ్ళాక ఆ వీధిలో టిఫిన్ ఎక్కడ బాగుంటుందో కూడా రాయండి. నా సినాప్సిస్ నాలుగోసారి వెనక్కొచ్చింది, మనసు బాగోలేదు.